బేరమంతా మాట చివర్లోనే

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ దగ్గర లారీ ఆపుకొని డ్రైవరు కర్నూలుకు ఫోన్ చేశాడనుకుందాం. "అన్నా, లోడు దించమంటాండారు" అన్నాడు. ఇక్కడ మండీలో గల్లాపెట్టె ముందు కూర్చున్న సావుకారి "మంచిదప్పా" అని ఫోన్ పెట్టేసి టీ చెప్పించుకున్నాడు. గంటన్నర తర్వాత కనుక్కుంటే లారీ కదల్లేదు, సరుకు దిగలేదు. గడ్డలు తడిసినాయని, తాము దించుకోబోమని అక్కడివాళ్లు మొండికేశారు. డ్రైవరు చెప్పిందీ అదే. సావుకారి విన్నది మాత్రం దించమని చెప్తున్నారని.

ఇందులో ఎవరి చెవి తప్పూ లేదు. "దించము అంటున్నారు" అన్నా, "దించమని అంటున్నారు" అన్నా, నోట్లో పడి కలిసిపోయాక రెండూ "దించమంటున్నారు" అనే ఒక్క మాటే అవుతాయి. ఎదురెదురుగా ఉన్నప్పుడు డ్రైవరు మొహం వేలాడేసుకొని ఉంటాడు, చెయ్యి అడ్డంగా ఊపుతాడు, ఒక "ప్చ్" కూడా పడుతుంది. అర్థమంతా వాటిలోనే తెలిసిపోతుంది. ఫోన్‌లో ఆ పని కూడా గొంతే చెయ్యాలి. "దించం" దగ్గర కాస్త నొక్కి, ఒక్క క్షణం ఆగి, "అంటాండారు" అంటే చాలు, అర్థం ఇటు తిరుగుతుంది. ఆగకుండా దొర్లించేస్తే అటు తిరుగుతుంది. వేలాది రూపాయల సరుకు ఆ ఒక్క క్షణం మీద ఆధారపడి ఉంది.

ఫోన్‌లో వ్యాపారం మాట్లాడటం గురించి ఎవరు సలహా చెప్పినా ఎక్కువగా వినపడేది మర్యాద గురించే. నెమ్మదిగా మాట్లాడండి, నవ్వుతూ మాట్లాడండి, సార్ అనండి, మేడం అనండి. మంచిదే. కానీ తెలుగులో ఫోన్ మాట్లాడేవాళ్లకు అంతకంటే ముందు పట్టించుకోవాల్సిన చిక్కు ఒకటుంది. అది భాష కట్టుబడిలోనే ఉంది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. చేస్తారా చెయ్యరా, చేశారా చేయబోతున్నారా, చేసేది నేనా మనమా వాళ్లా, అవతలి మనిషికి మర్యాద ఇస్తున్నామా లేదా, ఇవన్నీ ఆ చివరి రెండు మూడు అక్షరాల్లోనే ఉంటాయి. "రేపు పొద్దున పది గంటలకల్లా నలభై బస్తాలు మీ గోడౌనుకు పంపి" అనేదాకా విన్నవాడికి ఇంకా ఏమీ తెలియదు. "-స్తాం" అని ముగుస్తుందా, "-ంచం" అని ముగుస్తుందా అన్నదే బేరం. అయితే మనిషి గొంతు సరిగ్గా అక్కడే జారుతుంది. వాక్యం మొదట్లో ఊపిరి నిండుగా ఉంటుంది, స్వరం పైన ఉంటుంది. పోను పోను ఊపిరి తగ్గి, స్వరం దిగి, చివరి అక్షరం గొంతులోనే ఉండిపోతుంది. ఎక్కువ విలువున్న సరుకును బండి వెనక అంచు మీద పెట్టి తోలినట్టు ఉంటుంది వ్యవహారం.

దానికి ఫోన్ చేసే అన్యాయం కూడా తోడవుతుంది. పాత టెలిఫోను లైను మన గొంతు మొత్తాన్ని మోయదు. సుమారు 300 హెర్ట్జ్ నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనినే దాటనిస్తుంది. మగవాళ్ల గొంతు మూలస్వరం సాధారణంగా 100, 120 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది. ఆడవాళ్లది 200 చుట్టూ. అంటే గొంతుకు అడుగున ఉండే ఆ గంభీరం అసలు లైనులోకే ఎక్కదు. పైనున్న ధ్వనులను బట్టి వినేవాడి మెదడే దాన్ని ఊహించుకుంటుంది. పైవైపు "స" అక్షరపు బుసలో ఎక్కువ భాగం 4000 హెర్ట్జ్ పైన ఉంటుంది కాబట్టి అదీ తెగిపోతుంది. "పంపిస్తాం"కూ "పంపించం"కూ మధ్య తేడా చూపించేది ఆ బుసే. 4జీ మీద వచ్చిన వోల్టీ కాల్స్‌లో దాదాపు 7000 హెర్ట్జ్ దాకా ధ్వని వస్తుంది, అందుకే కొన్ని కాల్స్ పక్కనే కూర్చొని మాట్లాడినంత స్పష్టంగా ఉంటాయి. అయితే అది ఇద్దరి ఫోన్లూ, రెండు వైపుల నెట్‌వర్కూ అందుకు ఒప్పుకున్నప్పుడే. డోన్ దాటి ప్యాపిలి వైపు పోతున్న లారీ డ్రైవరు సిగ్నల్ తగ్గి పాత నెట్‌వర్కుకు జారాడంటే మళ్లీ ఆ ఇరుకు గొట్టమే గతి.

ఇంకో సంగతి, సెల్‌ఫోను మాటను ఏకధారగా పంపదు. 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపుతుంది. దారిలో ఒకటి రెండు ముక్కలు పోతే వాటి ముందున్న ధ్వనినే సాగదీసి అతుకు వేస్తుంది. పొట్టి అక్షరం ఒకటి పలకడానికి అలాంటి ముక్కలు పది కూడా పట్టవు. వరసగా అయిదారు పోయాయంటే "ను", "ము", "డు" లాంటి ముగింపు అక్షరం మాయమైపోతుంది. పైగా చుట్టూ గోల ఉన్నప్పుడు ఫోను చేసే శుద్ధిలో, నీరసంగా పలికిన చివరి అక్షరం కూడా గోల కిందికే లెక్కకొచ్చి తుడుచుకుపోవచ్చు. మనిషి తగ్గించింది కొంత, మిషను తగ్గించింది కొంత.

చికిత్స మాత్రం చిన్నదే. వాక్యాన్ని పొట్టిగా కొయ్యాలి. ఊపిరి ఉండగానే క్రియ దాకా చేరాలి. చేరాక ఆ క్రియను వదిలెయ్యకుండా మొదటి మాటంత బలంగా పలకాలి. "రేపు పంపిస్తాం. నలభై బస్తాలు. పదింటికల్లా." ఇది రాసుకుంటే తెలుగు వాచకంలో మాస్టారు ఎర్రసిరా పెట్టే వాక్యమే, ఫోన్‌లో మాత్రం భేషైన వాక్యం. కాదనే మాటను క్రియ లోపల దాచకుండా విడదీసి చెప్పడం మరీ మేలు. "దించమంటాండారు" బదులు "దించేది లేదంటాండారు" అంటే ఏ నెట్‌వర్కూ దాన్ని తారుమారు చెయ్యలేదు.

సీమ మాటలో ఈ తోక సమస్యకు ఇంకో మెలిక ఉంది. కడప వైపూ అనంతపురంలో కొన్ని చోట్లా "వస్తా" అనేది "వచ్చా" అవుతుంది, "ఇస్తా" అనేది "ఇచ్చా" అవుతుంది. "రేపొచ్చాలే" అంటే రేపు వస్తాలే అని. జరిగిపోయినదానికి "వచ్చినా", "ఇచ్చినా" అని వేరే రూపం ఉంది కాబట్టి ఇక్కడివాళ్ల మధ్య ఏ గందరగోళమూ లేదు. ప్రొద్దుటూరు బట్టల వ్యాపారి పులివెందుల వ్యాపారితో "డబ్బులు ఇచ్చాలే బ్బా" అంటే, ఇంకా ఇవ్వలేదని, ఇవ్వబోతున్నాడని ఇద్దరికీ తెలుసు. అదే మాట గుంటూరుకో విజయవాడకో ఫోన్‌లో పోయిందనుకోండి. అక్కడ "ఇచ్చా" అంటే ఇచ్చేశాను అని అర్థం. అవతలివాడు లెక్క పుస్తకం తీసి, ఎక్కడా జమ కనపడక, ఎవరికిచ్చావు, ఎప్పుడిచ్చావు అని మొదలుపెడతాడు. ఇవతలివాడికి ఒళ్లు మండుతుంది: ఇచ్చానంటే వినడేంది ఈ మనిషి అని. ఒక హల్లు జంట దగ్గర పుట్టిన తగువు, మాట పోయిందనేదాకా పోతుంది.

దీనికి యాస మానుకోవాలని చెప్పేవాళ్లున్నారు. కాల్ సెంటర్లలో, బ్యాంకు ఉద్యోగాల శిక్షణల్లో "ప్రామాణిక భాష" అని బుర్రలోకి ఎక్కించే బాపతు అదే. ఆ సలహా సగమే నిజం. ఆదోని పత్తి వ్యాపారికి తెలియని గొంతు ఒకటి ఫోన్ చేసి టీవీ వార్తల భాషలో "మీతో ఒక నిమిషం మాట్లాడవచ్చునా అండీ" అంటే ఆయనకు ముందు గుర్తొచ్చేది ఏదో లోను అంటగట్టే కాల్. "ఏమన్నా, బాగుండారా" అని మొదలైన గొంతుకు ఆయన ఆగుతాడు. యాస నమ్మకం తెస్తుంది, దాన్ని పారేసుకోవాల్సిన పని లేదు. మార్చుకోవాల్సింది నాలుగైదు చోట్లే: అంకె, తేదీ, అవును-కాదు, ఇచ్చిందా ఇవ్వబోయేదా. మిగతా సంభాషణంతా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడి, ఆ నాలుగు చోట్ల మాత్రం పొరుగూరి చెవికి సరిపడేలా "రేపు పదకొండింటికి ఇస్తాను" అని విడిగా, నిండుగా పలికితే చాలు.

అంకెల సంగతి వేరే చెప్పుకోవాలి. తెలుగు అంకెల్లో ఫోన్‌కు పనికిరాని జతలు కొన్ని ఉన్నాయి. ఇరవై, అరవై: తేడా మొదటి అచ్చు ఒక్కటే. ఏభై, ఎనభై: మధ్యలో ఒక "న" మింగుడుపడితే ఎనభై రూపాయలు యాభై అవుతుంది. మూడు, ఏడు కూడా అంతంతే. ఇంగ్లీషులోకి మారితే ఫిఫ్టీన్, ఫిఫ్టీ కాచుకొని ఉంటాయి. నాగపూర్‌కో ఢిల్లీకో చీనీకాయలు (బత్తాయిలు) పంపే అనంతపురం వ్యాపారి హిందీలోకి దిగితే అక్కడ సాత్ అంటే ఏడు, సాఠ్ అంటే అరవై. ఏ భాషలోకి పోయినా తప్పించుకోలేం.

ఇందులో ఒక చిన్న కిటుకు గమనించదగ్గది. "టన్ను ఎంత?" అని అడిగితే "ఇరవై" అని ఒంటి మాటతో జవాబివ్వడం మన అలవాటు. చాలా ఫోన్లు మాట మొదలైందని గుర్తించడానికి ఒక రెప్పపాటు తీసుకుంటాయి. ఆ రెప్పపాటులో మొదటి అచ్చు పోతుంది. అవతలికి చేరేది "…రవై". వినేవాడు తనకు నచ్చిన అచ్చు తగిలించుకుంటాడు. కొనేవాడికి ఇరవై వినపడుతుంది, అమ్మేవాడికి అరవై వినపడుతుంది, మనిషి స్వభావం అది. "టన్ను ఇరవై" అనో "మనకు పడేది ఇరవై" అనో ముందు ఒక మాట తగిలిస్తే, తెగిపోయేది ఆ ముందు మాటే, అంకె భద్రంగా దాటుతుంది. ఆ తర్వాత "రెండు సున్నా, ఇరవై" అని విడగొట్టి ఇంకోసారి అంటే తిరుగులేదు. మార్కెట్లో "ఇరవై రెండు యాభై" అంటే క్వింటా 2250 అని మండీవాళ్లకు తెలుసు. అదే మాట కొత్తగా ఉల్లి కొనడానికి దిగిన హోటల్ యజమానికి కిలో ఇరవై రెండున్నర అని వెంటనే తట్టదు. ఆయనకు "రెండు వేల రెండొందల యాభై" అని పూర్తిగా చెప్పడమే న్యాయం.

లారీ నంబర్లదీ ఇదే బాధ. ఒకప్పుడు ఏపీ 02 అంటే అనంతపురం, 04 అంటే కడప, 21 అంటే కర్నూలు. మొదటి నాలుగు అక్షరాలు వినపడకపోయినా ఊరు తెలిస్తే పూరించుకోవచ్చు. 2019లో జిల్లాకో నంబరు పోయి రాష్ట్రమంతటికీ ఒకటే 39 వచ్చింది. అసలు తేడా తర్వాత వచ్చే ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. బీ, డీ, పీ, టీ అన్నీ ఫోన్‌లో ఒకే కూత. "బీ అంటే బనగానపల్లె, డీ అంటే ధర్మవరం, పీ అంటే ప్రొద్దుటూరు, టీ అంటే తాడిపత్రి" అని మన ఊళ్ల పేర్లతోనే చెప్పుకోవచ్చు. ఆల్ఫా, బ్రావో అంటూ ఇంగ్లీషువాళ్ల జాబితా కంఠస్థం చెయ్యాల్సిన పని లేదు.

ఇక అరుపు. వినపడటం లేదంటే గొంతు పెంచడం అందరూ చేసేదే. దీని వెనక రెండు కారణాలున్నాయి. ఒకటి ట్రంకాల్ రోజుల నుంచి వచ్చిన వారసత్వం. దేశంలో మొదటి ఎస్టీడీ లైను, అంటే ఆపరేటరు లేకుండా దూరపు ఊరికి నేరుగా నంబరు తిప్పే లైను, లక్నో–కాన్పూర్ మధ్య 1960లో మొదలైంది. మామూలు ఊళ్లకు అది చేరడానికి దశాబ్దాలు పట్టింది. అప్పటిదాకా దూరపు ఊరికి కాల్ అంటే బుక్ చేసి, కాచుకొని, లైను దొరికాక అరవడమే. తాతల నుంచి నేర్చుకున్న ఆ గొంతు మనవళ్ల స్మార్ట్‌ఫోన్ దాకా వచ్చింది. రెండోది శరీర ధర్మం. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లో రాశాడు. బేతంచెర్లలోనో తాడిపత్రిలోనో బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఒక పూట నిలబడితే దానికి సాక్ష్యం దొరుకుతుంది. కటింగ్ మిషన్ రొద పక్కన ఫోన్ ఎత్తిన మేస్త్రి అరుస్తున్నాడని తనకే తెలియదు. విచిత్రమేమిటంటే అరిచినప్పుడు పెరిగేది ఎక్కువగా అచ్చులే. హల్లులు ఆ నిష్పత్తిలో పెరగవు. పైగా మైకు తట్టుకోగల హద్దు దాటితే ధ్వని చిరిగిపోతుంది. "రెండు బై రెండున్నర" లోని "న్నర" ఆ చిరుగులో పోతే రెండు బై రెండు బండలు కోసి పెడతారు. కోసిన బండను ఎవరూ అతికించలేరు.

మిషన్ దగ్గర నుంచి పది అడుగులు పక్కకు పోవడం, ఎంత అరిచినా రాని లాభం తెచ్చిపెడుతుంది. ఫోన్ మైకు కింది అంచున ఉంటుందని, చాలా ఫోన్లకు చుట్టూ గోలను లెక్కగట్టడానికి పైనో వెనకో ఇంకో మైకు ఉంటుందని, దాన్ని వేలితో మూస్తే ఆ శుద్ధి దెబ్బతింటుందని తెలిస్తే ఇంకా మంచిది. నోటికి మైకుకు మధ్య దూరం రెట్టింపైతే ధ్వని 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఫోన్‌ను భుజానికి చెవికి మధ్య ఇరికించుకొని రెండు చేతులా చిట్టా తిరగేస్తూ మాట్లాడే గుమాస్తా మైకు మెడ కిందికి పోయి ఉంటుంది.

సీమ గొంతుకు ఇంకో బరువు కూడా ఉంది. ఇక్కడ "చెప్పు", "ఏం కావల్ల", "యాడుండావు" అన్నవి మామూలు మాటలు. వాటిలో కోపమూ లేదు, అమర్యాదా లేదు. ఎదురుగా ఉన్నప్పుడు మొహం మీద నవ్వు ఆ పొడిమాటను మెత్తబరుస్తుంది. ఫోన్‌లో మొహం లేదు. కోస్తా నుంచో హైదరాబాదు నుంచో కాల్ చేసిన మనిషికి "ఏం కావల్ల?" అన్నది తగువుకు పిలుపులా వినపడుతుంది. సీమ గొంతంటే తొడగొట్టే గొంతేనని సినిమాలు ఎక్కించిన భ్రమ కూడా చెవిలో పనిచేస్తుంటుంది. నవ్వు నిజంగానే వినపడుతుందన్నది ఉత్త మాట కాదు. వినేవాళ్లు మొహం చూడకుండా, మాట విని మాత్రమే నవ్వుతూ పలికినదాన్ని గుర్తుపట్టగలరని వివియన్ టార్టర్ అనే పరిశోధకురాలు 1980లో ప్రయోగం చేసి చూపించింది. పెదాలు సాగితే నోటి గొట్టం పొట్టిదై స్వరం కాస్త తేటపడుతుంది, రహస్యం అంతే. అయితే రోజంతా ఫోన్‌లో పళ్లికిలించుకొని కూర్చోవాలని దీనర్థం కాదు. అతికించుకున్న నవ్వును కూడా జనం పసిగడతారు. "చెప్పన్నా" అని చివర ఒక వరస చేర్చి, ఆ "అన్నా"ను కొద్దిగా సాగదీస్తే సీమ మాట సీమ మాటగానే ఉండి మెత్తబడుతుంది. కడపలో "బ్బా", అనంతపురంలో "ప్పా" ఆ పనికే పుట్టాయి.

అవతలివాడు మాట్లాడుతున్నప్పుడు "ఊఁ" కొట్టడం మనవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. ఫోన్‌లో అది ఆగితే "హలో, వింటాండావా?" అని ప్రశ్న వస్తుంది. కానీ వ్యాపారంలో ఊఁ కొట్టడం రెండంచుల కత్తి. ధర చెప్తున్నప్పుడు పడిన "ఆఁ ఆఁ, సరే సరే" అన్నది వింటున్నానన్న గుర్తు మాత్రమే. చెప్పేవాడు మాత్రం ఒప్పుకున్నాడని జమ కట్టుకుంటాడు. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని బేరమాడేవాళ్లకు ఈ గొడవ లేదు. అక్కడ బేరమంతా వేళ్లతోనే. ఫోన్‌లో ధర వినేటప్పుడు "ఊఁ" మాత్రమే వాడి, "సరే" అన్న మాటను ఒప్పుకునే క్షణానికి దాచుకోవడం తెలివైన పని. ఆ "సరే" మాత్రం స్వరం కిందికి దించి, ముగించినట్టు పలకాలి. పైకెత్తి పలికితే అది ప్రశ్నవుతుంది.

మధ్యలో వచ్చే మౌనం కూడా గొంతులో భాగమే. ఎదురెదురు సంభాషణలో ఒకరి మాట ఆగాక ఇంకొకరు అందుకోవడానికి సగటున సెకనులో ఐదో వంతు పడుతుంది. ఫోన్‌లో ధ్వని అటు చేరడానికే దాదాపు అంత ఆలస్యం కావచ్చు. అందుకే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఒకేసారి ఆగి, "మీరు చెప్పండి, మీరు చెప్పండి" అనుకోవడం. బాకీ అడిగినప్పుడు అవతల వినిపించే మౌనంలో కొంత నెట్‌వర్కుది, కొంత మనిషిది. ఆ తేడా తెలియక, మౌనం రాగానే కంగారుపడి "పోనీ వచ్చే వారం ఇవ్వండిలే" అని తానే గడువు పెంచేవాళ్లు ఎందరో. అడిగింది అడిగి, రెండు సెకన్లు నోరు మూసుకోవడం బాకీ వసూలులో సగం విద్య. మిగతా సగం స్వరం పైకి పోకుండా పట్టుకోవడం. గొంతు సన్నబడి వేగం పెరిగిందంటే అడిగేవాడే ఇబ్బందిలో ఉన్నట్టు అవతలికి తెలిసిపోతుంది.

కాల్ మొదలు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. టెలిఫోను కనిపెట్టిన బెల్‌కు నచ్చిన పలకరింపు "అహోయ్", 1877లో ఎడిసన్ సూచించిన "హలో"నే నిలిచింది. మనవాళ్లు దానికి "నేనన్నా" అని ఒక కొసరు చేర్చారు. ఎవరు ఈ నేను అన్నది ఆ 300 నుంచి 3400 హెర్ట్జ్‌ల గొట్టంలో వెతుక్కోవాల్సింది అవతలివాడే. పేరు, ఊరు, పని, ఈ మూడూ మొదటి రెండు మాటల్లో పడితే కాల్ సగం తెములుతుంది.

ముగింపు మాత్రం మొదలు కంటే ప్రమాదం. "సరే మరి, ఉంటానన్నా" అనగానే చెయ్యి తనంతట తానే ఫోన్‌ను చెవి నుంచి దించడం మొదలుపెడుతుంది. సరిగ్గా అప్పుడే అసలు విషయం గుర్తొస్తుంది. "అన్నట్టు, మొన్నటి బాడుగ తగ్గించుకోని వేసినా…" అని అంటూనే ఉంటాడు ఇవతలి మనిషి. అప్పటికి అతని మైకు గడ్డం దాటి జేబు వైపు పోతోంది, అవతలివాడి బొటనవేలు ఎర్ర గుండీ మీద ఉంది.